ఇడిసిపెట్టిన వేలు

బోరు మోటరు డబ్బా పక్కన
కంపకంచె మీద ఒరిగిన మైదాకు చెట్టు
సైదమ్మది.
ఆషాఢం సగమైంది. మునుగోడు మీద మొగులు
వచ్చినట్టే వచ్చి చండూరు దిక్కు మళ్లింది.
ఆమె మాత్రం ఒడినిండ ఆకు దూసుకొచ్చింది.
"మరీ లేతది తెంపకు, నీళ్ల రంగొస్తది.
ముదురుది పీచు.
నడిమిది చూడు, ఈనె ఎర్రబడ్డది, గదీ."

రోట్లె రవ్వంత పాత చింతపండు,
పొద్దుటి చాయ్ డికాషన్ అడుగుది,
పాన్ డబ్బాల అడుక్కొచ్చిన కాసు పలుకు.
నూరుతనే ఉన్నది.
అందరికంటె ముందు ఆమె అరచెయ్యే పండింది.
నూరినోళ్లకు కూలి అదేనట.

నిరుడు నేను నల్గొండల, గడియారం కాడ,
ముప్పై రూపాయల నల్ల కోన్ కొన్న.
పది నిమిషాలల్ల నలుపు! ఎంత మురిసిన్నో.
మూడోనాడు
తీగె ఎట్ల గీసిన్నో అట్లనే పొక్కింది,
పువ్వు ఎక్కడేసిన్నో అక్కడే చీము.
ఇప్పటికీ మణికట్టు మీద ఆ తీగె
తెల్లగ పాకుతున్నది, ఆకులతోటి సహా.
సైదమ్మ దాన్ని వేలితో తడిమింది,
ఏమనలే.
దాన్ని తప్పించి, దాని సుట్టు పెట్టింది.

నడుమ సందమామ, సుట్టు సుక్కలు, వేళ్లకు టోపీలు.
ఇంతకు మించి రాదు ఆమెకు.
నోరు మాత్రం ఆగదు.
"ఆరుతుంటె నిమ్మరసంల చెక్కెర కలిపి
దూదితోని అద్దు. పోయకు, అద్దు.
తెల్లారి నీళ్లు ముట్టియ్యకు, గీకి పారేయ్,
నువ్వుల నూనె రాయ్.
పెనం మీద నాలుగు లవంగాలేసి
ఆ పొగల చేతులు పట్టు. జానెడు ఎత్తుల పట్టు,
మా నీలవేణి పెనానికి అంటిచ్చుకున్నది, ముండ.
సబ్బు వద్దు. సర్ఫు అసలే వద్దు.
రెండొద్దులు అంట్లు మీ ఆయనతోని తోమియ్యి.
నవ్వకు, చెయ్యి కదుల్తది!
పొద్దుగాల నారింజ తొక్క లెక్క ఉంటది,
గింతేనా అని ఏడ్వకు.
మర్నాటికి ఇటుక,
ఆ తెల్లారి ఎండుమిరప."

కుడి బొటనవేలు కాడికొచ్చి ఆగింది.
"రేపు బియ్యం ఉన్నయా నీకు?"
ఉన్నయన్న.
"అయితె దీన్ని ఇడుస్త."

రెండేండ్ల కింద ఆమె వేలు మిషన్ పట్టలే.
పత్తి ఏరి ఏరి, కాయ ముండ్లు గీరి గీరి
గీతలు అరిగినయ్.
డీలరేమో మైదాకు మీద తోసిండు.
మూడు దినాలు రాయితో, నిమ్మచెక్కతో
తోమింది, తోమింది.
రంగు పోయింది. గీతలు రాలే.
ఆ నెల మక్క గట్కనే.
అప్పటిసంది ఊర్ల ఎవరికి పెట్టినా
బొటనవేలొకటి బియ్యానికి ఇడుస్తది.

ఇగ నా వంతు. ఎడమచేతితోని ముద్ద తీసుకొని
ఆమె కుడిచెయ్యి నా మోకాలి మీద పెట్టుకున్న.
అరచేతి పగుళ్లల్లకు
సల్లగ, తనంతట తనే దిగింది ముద్ద.
బొటనవేలు కాడ ఆగి ఆమె మొఖం జూసిన.

"ఆగినవేందే?
కండ్ల మిషనొచ్చింది గద, కన్ను జూసి ఇస్తున్నడు.
ఈ వేలితోని సర్కారుకు పని తీరింది.
మందంగ పెట్టు."

పెట్టిన. కణుపు దాటి, ఇంకింత.
కరెంటు పోయింది.
ఇద్దరం చేతులు సాపుకొని
చీకట్ల కూసున్నం.
ఆమెకు ముక్కు దురద,
నా మోచేతితోని గోకిన.

ఇయ్యాల్టికి మూడోనాడు.
నా తొమ్మిది వేళ్లు ఎండుమిరప.
అన్నిటికంటె నల్లగ పండింది
ఆమె బొటనవేలు.
"మొద్దు చర్మం గద, బాగ తాగుతది"
అని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నది.

నా వేలు బియ్యం తెచ్చింది, పద్దెనిమిది కిలోలు.
బోడిగ ఉన్నది.
చాయ్ గిన్నెల మూతపెట్టి
పిడికెడు ముద్ద దాచిందట నాకోసం.
సగం సత్తువ పోయుంటది,
అయినా రా, అన్నది.